విమానాశ్రయ భద్రతా తనిఖీ: ప్రయాణికులు మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలు

శంషాబాద్ నుంచో, గన్నవరం నుంచో, విశాఖ నుంచో బయలుదేరే బంధువులు, స్నేహితులు, ముఖ్యంగా విదేశాల్లో ఉన్న పిల్లల దగ్గరికి మొదటిసారి వెళ్ళే పెద్దవాళ్ళు ఏళ్ళ తరబడి నన్ను ఫోనులో అడుగుతున్న సందేహాలను ఇక్కడ ఒకచోట చేర్చాను. ఏ జవాబుకు ఆ జవాబు పూర్తిగా ఉంటుంది కాబట్టి మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళవచ్చు. నియమాలు మారుతుంటాయి కనుక ప్రయాణానికి ముందు మీ విమాన సంస్థ ఇచ్చే తాజా జాబితాను ఒకసారి చూసుకోండి.

## పెట్టె సర్దేటప్పుడు

ఆవకాయ సీసా చేతి సంచిలో పెట్టుకోవచ్చా?

పెట్టుకోకండి, చెకిన్ పెట్టెలో వేయండి. మన దేశంలో విమానాశ్రయ భద్రతా నియమాలను నిర్ణయించే పౌర విమానయాన భద్రతా సంస్థ, అంటే బీసీఏఎస్, మిరప పచ్చడిని చేతి సంచిలో అనుమతించదు. మిగతా పచ్చళ్ళకు అభ్యంతరం లేదని కాగితం మీద ఉన్నప్పటికీ, ఎర్రగా నూనె తేలుతున్న సీసాను చేత్తో పట్టుకుని ఇది మిరప పచ్చడి కాదు, మామిడికాయ పచ్చడి అని వరుసలో నిలబడి వాదించి గెలిచినవారిని నేను చూడలేదు. పైగా పైన తేలే నూనె, చేతి సంచిలో ద్రవాలకు ఉన్న 100 మిల్లీలీటర్ల పరిమితి లెక్కలోకి వస్తుంది. పచ్చళ్ళ దుకాణంలో విదేశానికని ముందే చెబితే గాలి తీసి, సీలు వేసి ఇస్తారు. దానిమీద మరో రెండు ప్లాస్టిక్ కవర్లు చుట్టి బట్టల మధ్య పెట్టండి. మాంసం పచ్చళ్ళ సంగతి వేరు. భద్రతా సిబ్బంది వాటిని వదిలిపెట్టినా అమెరికాలో దిగాక కస్టమ్స్ వారు తీసి పారేస్తారు.

కందిపొడి, కారప్పొడి, సున్నిపిండి అమెరికా విమానంలో చేతి సంచిలో తీసుకెళ్ళనిస్తారా?

2018 జూన్ 30 నుంచి, బయటి దేశాల నుంచి అమెరికాకు వెళ్ళే విమానాల్లో 350 మిల్లీలీటర్ల పరిమాణానికి మించిన పొడులను చేతి సంచిలో ఉంచుకుంటే అదనంగా పరీక్షిస్తారు, తేల్చుకోలేకపోతే లోపలికి అనుమతించరు. ఆ పరిమాణం ఇంచుమించు ఒక శీతల పానీయం డబ్బా అంత. పొడి ఏదైనా నియమం ఒకటే కాబట్టి నల్లకారానికైనా, సున్నిపిండికైనా, పసిపిల్లలకు రాసే పౌడరుకైనా అదే వర్తిస్తుంది. చెకిన్ పెట్టెలో వేసిన పొడులకు ఈ పరిమితి లేదు. పేరులేని తెల్లటి పొడిని మూటగట్టి తీసుకెళ్ళడం కంటే దుకాణం చీటీ ఉన్న ప్యాకెట్టు నయం.

పవర్ బ్యాంకును చెకిన్ పెట్టెలో వేస్తే ఎందుకు తీయిస్తారు?

లిథియం బ్యాటరీ ఒకసారి వేడెక్కి అంటుకుంటే మంట తనంతట తాను పెరుగుతుంది. ప్రయాణికుల మధ్య అది జరిగితే సిబ్బంది చూసి ఆర్పగలరు, సామాను గదిలో జరిగితే ఎవరికీ వెంటనే తెలియదు. 2025 జనవరిలో దక్షిణ కొరియాలోని గిమ్హే విమానాశ్రయంలో బయలుదేరబోతున్న విమానం ఒకటి తగలబడినప్పుడు, పైఅరలో ఉన్న పవర్ బ్యాంకే కారణమై ఉండవచ్చని దర్యాప్తు అధికారులు చెప్పారు. అదృష్టవశాత్తు అందరూ బయటపడ్డారు. పరిమితి 100 వాట్ అవర్లు. 100 నుంచి 160 వరకు ఉన్నదానికి విమాన సంస్థ అనుమతి అవసరం, అంతకు మించితే కుదరదు. మీ పవర్ బ్యాంకు మీద ఎంఏహెచ్ అంకె మాత్రమే ఉంటే దాన్ని 3.7తో గుణించి 1000తో భాగించండి. 20,000 అయితే 74 వాట్ అవర్లు వస్తుంది. అంకెలు చెరిగిపోయిన పాతదాన్ని ఇంట్లోనే వదిలేయండి, ఎందుకంటే చదవలేని పవర్ బ్యాంకును సిబ్బంది ఒప్పుకోవాలన్న నియమం లేదు.

శబరిమల ఇరుముడిలో కొబ్బరికాయ ఉంటుంది కదా, దాన్ని తలమీద పెట్టుకుని విమానం ఎక్కవచ్చా?

మామూలు రోజుల్లో చేతి సంచిలో కొబ్బరికాయకు అనుమతి లేదు. అయితే 2022 నవంబరులో బీసీఏఎస్, మండల, మకరవిళక్కు సీజనుకు మాత్రం మినహాయింపు ఇచ్చి 2023 జనవరి 20 వరకు ఇరుముడిని క్యాబిన్‌లోకి అనుమతించింది. 2024 సీజనులోనూ అలాంటి ఉత్తర్వే వచ్చింది. మినహాయింపు తనిఖీకి కాదు, కొబ్బరికాయకే. ఇరుముడి ఎక్స్‌రే యంత్రంలోంచి వెళ్ళాలి, రసాయన అవశేషాల పరీక్ష జరగాలి, అవసరమైతే చేత్తో తడిమి చూస్తారు. ముడి విప్పమంటారేమోనని స్వాములు భయపడుతుంటారు. ఆ సందర్భం వస్తే గురుస్వామి చేతనే విప్పిస్తామని మర్యాదగా అడగవచ్చు. ఉత్తర్వు ఏ ఏడాదికాయేడాది వస్తోంది కనుక టిక్కెట్టు తీసుకునేటప్పుడే ఆ ఏటి గడువు తెలుసుకోండి.

నాన్నగారి ఇన్సులిన్, మందులు ఎక్కడ పెట్టాలి?

చేతి సంచిలోనే పెట్టాలి. సామాను గది చలికి ఇన్సులిన్ గడ్డకట్టి పనికిరాకుండా పోయే ప్రమాదం ఉంది, పెట్టె దారి తప్పితే ఆ రోజు మందు ఉండదు. ప్రయాణానికి కావలసినంత మందుకూ, పసిపిల్లల ఆహారానికీ 100 మిల్లీలీటర్ల పరిమితి వర్తించదు. వైద్యుడి చీటీ వెంట ఉంచుకోండి, మాత్రలను కంపెనీ అట్టలతోనే తీసుకెళ్ళండి.

## వరుసలో నిలబడేటప్పుడు

డిజియాత్ర ఉంటే తనిఖీ తప్పుతుందా?

తప్పదు. డిజియాత్ర మీ ముఖాన్ని గుర్తుపట్టి టిక్కెట్టు, గుర్తింపు కార్డు చూసే పనిని మాత్రమే తగ్గిస్తుంది. 2022 డిసెంబరు 1న ఢిల్లీ, బెంగళూరు, వారణాసిల్లో మొదలై తర్వాత హైదరాబాదు, విజయవాడల్లోకి వచ్చింది. మీ సంచి, మీ శరీరం మాత్రం అందరిలాగే యంత్రాల ముందుకు వెళ్ళవలసిందే. ద్వారం దగ్గర పావుగంట కలిసి రావచ్చు, లోపల ట్రేల దగ్గర ఆ పావుగంట మళ్ళీ పోవచ్చు.

ఇంతకుముందు సంచికి చీటీ కట్టి ముద్ర వేసేవారు కదా, ఇప్పుడు ఎందుకు లేదు?

2017 ఏప్రిల్ నుంచి హైదరాబాదుతో సహా ఏడు పెద్ద విమానాశ్రయాల్లో ఆ పద్ధతిని ఎత్తేశారు. ముద్రకు బదులు కెమెరాల నిఘా పెట్టారు. చీటీ ఊడిపోయిందని విమానం తలుపు దగ్గరి నుంచి వెనక్కి పరుగెత్తిన రోజులు నాకు బాగా గుర్తు. తీసేసిన నియమాల్లో ఎవరికీ నష్టం కలగని మంచి ఉదాహరణ ఇది.

## ట్రే, తెర, లోహ ద్వారం

తెర మీద వాళ్ళకు నిజంగా ఏం కనిపిస్తుంది?

మన సామాను ఫొటోలాగా కనిపించదు. ఎక్స్‌రే ఏ పదార్థంలోంచి ఎంత దూసుకుపోయిందో లెక్కగట్టి యంత్రం రంగులు వేస్తుంది. ఆహారం, కాగితం, బట్ట, ప్లాస్టిక్ వంటి కర్బన పదార్థాలు నారింజ రంగులో, ఇనుము వంటి లోహాలు నీలంలో, మధ్యరకం పదార్థాలు ఆకుపచ్చగా కనిపిస్తాయి. చిక్కేమిటంటే పేలుడు పదార్థాలూ చాలావరకు కర్బన పదార్థాలే కాబట్టి అవి కూడా నారింజలోనే కనిపిస్తాయి. అంటే అరిసెల డబ్బా, సబ్బు బిళ్ళ, ప్రమాదకరమైన ముద్ద ఒకే రంగు కుటుంబంలో ఉంటాయి. ఉద్యోగి చూసేది రంగును మాత్రమే కాదు, ఆకారాన్ని, దట్టాన్ని, పక్కన వైరో బ్యాటరీయో ఉందా అన్న పొందికను కూడా.

మా పిన్ని ఒకసారి కూతురి గృహప్రవేశానికని రెండు ఇత్తడి కుందులు పాత చీరలో చుట్టి చేతి సంచి అడుగున పెట్టింది. సంచి బెల్టు మీద ముందుకు పోయింది, ఆగింది, వెనక్కి వచ్చింది, మళ్ళీ పోయింది. ఎక్స్‌రే దూరలేనంత దళసరి లోహం తెర మీద నల్లటి దిమ్మలా పడుతుంది, దాని వెనక ఏముందో ఎవరూ చెప్పలేరు. ఉద్యోగిని చీర మడతలు ఒక్కొక్కటిగా విప్పి, కుందిని తిరగేసి, ఒత్తి వేసే గుంటలో వేలు పెట్టి చూసి, సంచి మాత్రం మరోసారి యంత్రంలోకి పంపింది. కుందులు తిరిగి చేతికి వచ్చాయి. పిన్ని మాత్రం దేవుడి సామాను బూట్లున్న ట్రేలో పెట్టారని ఇప్పటికీ చెప్పుకుంటుంది.

ఎప్పుడూ నా సంచినే పక్కకు తీస్తారు. నన్ను అనుమానిస్తున్నారా?

చాలావరకు మీ సర్దుబాటే కారణం. ఛార్జర్ల తీగలన్నీ ఒకే ఉండగా చుట్టి, దానికి ఆనించి పవర్ బ్యాంకు, దానిమీద స్వీటు డబ్బా పెడితే తెర మీద అవన్నీ ఒకదానిమీద ఒకటి పడి విడదీయరాని బొమ్మ అవుతుంది. ల్యాప్‌టాప్‌ను విడిగా తీయమనేది కూడా అందుకే, దాని బ్యాటరీ కింద ఉన్నవాటిని కప్పేస్తుంది. తీగలు ఒక చిన్న సంచిలో, లోహపు వస్తువులు పైన, తినుబండారాలు ఒక పక్కన సర్దితే నా అనుభవంలో పక్కకు పోవడం బాగా తగ్గింది. ఏ కారణమూ లేకుండా యాదృచ్ఛికంగా ఎంచే సంచులు కూడా కొన్ని ఉంటాయి, వాటిని మనం తప్పించలేం.

సంచి పిడి మీద చిన్న గుడ్డముక్కతో రుద్ది యంత్రంలో పెట్టారు. అదేమిటి?

అది పేలుడు పదార్థాల అవశేషాలను పసిగట్టే పరీక్ష. అలాంటి పదార్థాన్ని ముట్టుకున్న చేతుల నుంచి కంటికి కనిపించనంత రేణువులు సంచికీ, బట్టలకూ అంటుకుంటాయి. గుడ్డ మీదికి వచ్చిన వాటిని యంత్రం వేడిచేసి విశ్లేషించి కొన్ని క్షణాల్లో చెబుతుంది. గ్లిజరిన్ ఉన్న చేతి క్రీములు, ఎరువులు, కొన్ని గుండె మందులు కూడా అప్పుడప్పుడు గంట మోగించగలవు. పొలం నుంచి నేరుగా బయలుదేరినవారు చేతులు శుభ్రంగా కడుక్కుని రావడం మంచిది. గంట మోగినంత మాత్రాన మీరు నేరస్థులైపోరు, పరీక్షను మళ్ళీ చేస్తారు.

మోకాలి చిప్ప మార్పిడి జరిగింది, అమ్మకు పేస్‌మేకర్ ఉంది. ఏం చెప్పాలి?

లోహ ద్వారం దాటకముందే చెప్పాలి, మోగిన తర్వాత కాదు. మోకాలిలో లోహం ఉన్నవారికి ద్వారం మోగవచ్చు. మన విమానాశ్రయాల్లో ద్వారం మోగినా మోగకపోయినా చిన్న పీట మీద నిలబెట్టి చేతి యంత్రంతో ఎలాగూ చూస్తారు కనుక ఆపరేషన్ కాగితం చూపితే విషయం అక్కడే తేలిపోతుంది. పేస్‌మేకర్ ఉన్నవారు పరికరం కార్డు చూపి, చేతి యంత్రాన్ని ఛాతీ మీద ఆపి ఉంచవద్దని, చేత్తో తడిమి చూడమని అడగాలి.

కృత్రిమ అవయవాలు ఉన్నవారి విషయంలో అనుభవాలు ఇంకా బాగుపడవలసి ఉంది. ‘మయూరి’గా తెలుగువారికి పరిచయమైన నర్తకి సుధా చంద్రన్, ప్రతి ప్రయాణంలోనూ తన కృత్రిమ పాదాన్ని విప్పమంటున్నారని 2021 అక్టోబరులో వీడియోలో వాపోయారు. విమానాశ్రయాల్లో తనిఖీ చేసే కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం ఆమెకు బహిరంగంగా క్షమాపణ చెప్పింది. అందరికీ తెలిసిన ముఖం కాబట్టి క్షమాపణ అందింది, అదే ఇబ్బంది పడిన మామూలు మనుషుల లెక్క ఎవరి దగ్గరా లేదు. పాదం విప్పక తప్పదంటే తెరచాటు గదిలో, మీ వెంట ఉన్నవారి ఎదుట చేయమని అడగడంలో తప్పు లేదు.

ఆడవారిని ఎవరు తనిఖీ చేస్తారు? మంగళసూత్రం, మెట్టెలు తీయాలా?

మహిళా సిబ్బంది మాత్రమే, తెరలున్న గదిలో తనిఖీ చేస్తారు. మంగళసూత్రం, గాజులు, మెట్టెలు తీయనక్కరలేదు, అవి మోగితే ఎక్కడ మోగాయో చూసి వదులుతారు. పురుషుల వరుసలు నాలుగు నడుస్తుంటే మహిళల గది ఒక్కటే ఉండటం, అక్కడ వరుస కదలకపోవడం మాత్రం నేను చాలాచోట్ల చూసిన లోపం. కాబట్టి కుటుంబంతో వెళ్ళేటప్పుడు ఆడవాళ్ళను ముందు పంపండి, సామాను సంగతి మగవాళ్ళు చూసుకోవచ్చు.

సరదాకి ‘బాంబు ఉంది’ అంటే ఏమవుతుంది?

విమానం మీరు లేకుండా వెళ్ళిపోతుంది, మీరు పోలీసు స్టేషనుకు వెళతారు. 2024 అక్టోబరులో దేశంలో వందల విమానాలకు బూటకపు బెదిరింపులు వచ్చిన తర్వాత ఈ విషయంలో సహనం పూర్తిగా పోయింది.

## అమెరికా ప్రయాణంలో

బోర్డింగ్ పాసు మీద నాలుగు ‘ఎస్’ అక్షరాలు ఉన్నాయి. భయపడాలా?

భయపడనక్కరలేదు, కానీ అరగంట అదనంగా ఉంచుకోండి. మిమ్మల్ని అదనపు తనిఖీకి ఎంచారని దాని అర్థం. శరీరాన్ని తడిమి చూస్తారు, సంచిలో ప్రతి వస్తువూ తీసి అవశేషాల పరీక్ష చేస్తారు, ఫోను వెలిగించి చూపమనవచ్చు. ఇలా ఎంచిన రోజున ఇంటి దగ్గరే పాసు ముద్రించుకోవడం కుదరకపోవడం తొలి సూచన. ఎంపిక కొన్నిసార్లు యాదృచ్ఛికం, కొన్నిసార్లు నిఘా జాబితాలోని పేరుకు మీ పేరు దగ్గరగా ఉండటం వల్ల జరుగుతుంది. మన ఇంటిపేర్లు ఒక కాగితంలో ముందు, ఇంకో కాగితంలో వెనక పడటం ఈ తికమకను పెంచుతుంది. ప్రతిసారీ ఇలాగే జరుగుతుంటే ‘డీహెచ్‌ఎస్ ట్రిప్’ అనే ఫిర్యాదు విధానంలో దరఖాస్తు చేసి ఒక సంఖ్య పొంది, టిక్కెట్టు తీసుకునేటప్పుడు దాన్ని నమోదు చేయవచ్చు.

అమెరికాలో ఇప్పటికీ బూట్లు విప్పాలా?

2001 డిసెంబరులో ఒక ప్రయాణికుడు బూట్లలో పేలుడు పదార్థం దాచి అట్లాంటిక్ మీదుగా వెళ్ళే విమానంలో అంటించబోయాడు. ఆ ఘటన ఫలితంగా 2006 నుంచి అమెరికాలో అందరూ బూట్లు విప్పవలసి వచ్చింది. 2025 జూలైలో ఆ నియమాన్ని ఎత్తేశారు. సిబ్బంది ప్రత్యేకంగా అడిగితే మాత్రం విప్పాలి.

## ఇంతకీ ఇదంతా పనిచేస్తుందా?

99 మిల్లీలీటర్లయితే క్షేమం, 101 అయితే ప్రమాదమా? దీనిలో తర్కం ఏమిటి?

2006 ఆగస్టులో లండన్ పోలీసులు, శీతల పానీయాల సీసాల్లో ద్రవ పేలుడు పదార్థాలు నింపి అట్లాంటిక్ విమానాలను పేల్చే కుట్రను ముందే పట్టుకున్నారు. అప్పటికి వాడుకలో ఉన్న యంత్రాలకు నీళ్ళకూ అలాంటి ద్రవానికీ తేడా తెలియదు కాబట్టి, పరిమాణాన్నే తగ్గించారు. కుట్రను పట్టుకున్నది గూఢచార సమాచారం, విమానాశ్రయంలోని వరుస కాదు. ఆ సంగతి గుర్తుంచుకుంటే 100 అనే అంకె శాస్త్రీయమైన సరిహద్దు కాదనీ, యంత్రాల చేతకానితనానికి వేసిన తాత్కాలిక కట్టు అనీ అర్థమవుతుంది. ఆ కట్టు వయసు ఇప్పుడు రెండు దశాబ్దాలు. కొత్త త్రిమితీయ స్కానర్లు ద్రవాలను విడదీసి చూడగలవని కొన్ని ఐరోపా విమానాశ్రయాలు పరిమితిని సడలించగా, 2024 సెప్టెంబరు 1 నుంచి ఐరోపా సంఘం మళ్ళీ 100కే తిప్పి, 2025లో ఆమోదం పొందిన కొన్ని స్కానర్లున్న చోట తిరిగి సడలింపుకు వీలిచ్చింది. ఇంకో సంగతి, లెక్క సీసాలో మిగిలిన దానిది కాదు, సీసా పరిమాణానిది. 200 మిల్లీలీటర్ల సీసాలో అడుగున చెంచాడు కొబ్బరినూనె మిగిలినా అది పోతుంది.

రహస్య పరీక్షల్లో అమెరికా తనిఖీ ఘోరంగా విఫలమైందట, నిజమేనా?

నిజమే. 2015లో బయటికి పొక్కిన నివేదిక ప్రకారం, ప్రయాణికుల వేషంలో వెళ్ళిన ప్రభుత్వ పరీక్షకులు నకిలీ ఆయుధాలు, నకిలీ బాంబులతో 70 సార్లు ప్రయత్నిస్తే 67 సార్లు దొరకకుండా దాటిపోయారు. అక్కడ తనిఖీ చేసే సంస్థ టీఎస్‌ఏ తాత్కాలిక అధిపతిని పదవి నుంచి తప్పించారు. పరీక్షకులకు వ్యవస్థ లోపాలు లోపలి నుంచి తెలుసు కాబట్టి అది మామూలు దుండగుడి ప్రయత్నంతో సమానం కాదన్న వాదనలో కొంత న్యాయం ఉంది. అయినా 67 అనే అంకెను ఏ వాదనా చిన్నది చేయలేదు.

అరుదుగా వచ్చే వస్తువును వెతకడం మనిషి కంటికి చాలా కష్టమైన పని అన్నది అసలు కారణం. వేల సంచుల్లో ఒక్కదానిలోనూ ఏమీ లేకపోతే కన్ను చూడటం మానేస్తుంది. అందుకే తెర ముందు ఉద్యోగిని ఇంచుమించు ఇరవై నిమిషాలకొకసారి మారుస్తారు, నిజమైన సంచుల బొమ్మల్లోకి అప్పుడప్పుడు నకిలీ తుపాకీ బొమ్మను చొప్పించి గుర్తుపట్టారో లేదో కంప్యూటరు చూస్తుంది. బెల్టు హఠాత్తుగా ఆగి, ఏమీ చెప్పకుండా మళ్ళీ కదిలితే అది మీ సంచి తప్పు కాకపోవచ్చు.

మరి భద్రతను నిజంగా పెంచిన మార్పులు ఏవి?

నా అభిప్రాయంలో మనకు కనిపించనివే ఎక్కువ పనిచేశాయి. 1985 జూన్ 23న ఎయిరిండియా కనిష్క విమానం అట్లాంటిక్ మీద పేలి 329 మంది చనిపోయారు. బాంబున్న పెట్టెను వాంకోవర్‌లో చెకిన్ చేసిన మనిషి విమానమే ఎక్కలేదు. టొరంటోలో ఎక్స్‌రే యంత్రం ఆ రోజు చెడిపోతే చేతి పరికరంతో సరిపెట్టారు. మన బీసీఏఎస్ 1987లో స్వతంత్ర విభాగమైంది ఆ విషాదం తర్వాతే. నేడు ప్రయాణికుడు ఎక్కకపోతే అతని పెట్టెను వెతికి దించుతారు. మీ విమానం ఆలస్యమై, ఒకరి సామాను దించుతున్నామని ప్రకటన వినిపిస్తే విసుక్కోకండి, ఆ ఇరవై నిమిషాలు కనిష్క నుంచి వచ్చినవే.

రెండోది పైలట్ గది తలుపు. 2001 సెప్టెంబరు 11 నాటికి నాలుగు అంగుళాల లోపు కత్తులకు అమెరికాలో అనుమతి ఉండేది, అంటే ఆ రోజు తనిఖీ నియమమే లోపభూయిష్టం. తర్వాత తలుపును బలపరిచి, గడియ వేయించాక చిన్న కత్తితో విమానాన్ని స్వాధీనం చేసుకునే దారి మూసుకుపోయింది.

మన దేశంలో 1999 డిసెంబరు 24న ఐసీ 814 విమానాన్ని ఖాట్మండు నుంచి దారి మళ్ళించి కాందహార్‌కు తీసుకెళ్ళిన తర్వాత, రాష్ట్రాల పోలీసుల చేతిలో ఉన్న పనిని కేంద్ర పారిశ్రామిక భద్రతా దళానికి అప్పగించడం మొదలైంది. 2000 ఫిబ్రవరిలో జైపూర్ మొదటిది. ఊరికో పద్ధతిగా ఉన్న తనిఖీకి ఒకే శిక్షణ, ఒకే బాధ్యత వచ్చాయి.

ఒక విమానాశ్రయంలో వదిలిన వస్తువును ఇంకో చోట ఎందుకు ఆపుతారు?

కాగితం మీది నియమం ఒకటే అయినా చివరి నిర్ణయం యంత్రం దగ్గరున్న ఉద్యోగిదే కాబట్టి. ఒకే నెయ్యి డబ్బాను నేను వెళ్ళేటప్పుడు ఒకచోట చూసి నవ్వి వదిలేశారు, తిరుగు ప్రయాణంలో మరోచోట, సగం అయిపోయిన దాన్ని పక్కనున్న పెద్ద డబ్బాలో వేయించారు. రెండోవారే నియమం పాటించారని ఒప్పుకుంటాను. అయినా మొదటివారు ఎలా వదిలారన్న ప్రశ్నకు జవాబు రాలేదు. ప్రయాణికుడికి నియమం కంటే దాని నిలకడలేనితనమే ఎక్కువ చిరాకు. వరుసలో వాదించకండి. చెకిన్ కౌంటరుకు తిరిగి వెళ్ళి ఆ వస్తువును సామానులో వేసే వీలుందా అని అడగండి, సమయం ఉంటే చాలాసార్లు ఒప్పుకుంటారు.

దురుసుగా ప్రవర్తించారు, వస్తువు పోయింది. ఎవరికి చెప్పుకోవాలి?

మొదట అక్కడే ఉన్న పర్యవేక్షణాధికారిని పిలిపించమనండి, చాలావరకు విషయం అక్కడే చల్లబడుతుంది. ట్రేలో మరిచిపోయిన వాచీలు, ఫోన్లు, బెల్టులు భద్రతా దళం దగ్గర నమోదై తర్వాత విమానాశ్రయం పోయిన వస్తువుల విభాగానికి చేరతాయి కాబట్టి, ఏ ద్వారం, ఏ వరుస, ఎన్ని గంటలకు అన్నవి రాసిపెట్టుకుంటే వెతకడం సులువు. రాతపూర్వకంగా అయితే పౌర విమానయాన శాఖ 2016లో తెచ్చిన ‘ఎయిర్‌సేవ’ యాప్‌లో ఫిర్యాదు పెట్టవచ్చు. బోర్డింగ్ పాసు ఫొటో జతచేయండి, కెమెరా దృశ్యాలను కలకాలం దాచరు కనుక ఇంటికి చేరిన రోజే పెట్టండి.